స్నాప్‌షాట్ జార్ ఏ ఫోల్డర్‌లో ఉంది? మావెన్, గ్రేడిల్, ఎస్‌బీటీల్లో ఏ దారి ఎప్పుడు

లైబ్రరీలో ఒక్క లాగ్ లైన్ కలిపి, అప్లికేషన్‌ను మళ్లీ బిల్డ్ చేసి నడిపాను. లైన్ పడలేదు. లాగ్ లెవెల్ మార్చాను, అయినా పడలేదు. క్లీన్ చేశాను, ఐడీఈ మూసి తెరిచాను. అసలు కంట్రోల్ ఆ మెథడ్‌లోకి వస్తోందా అన్న అనుమానంతో చివరికి అందులో ఎక్సెప్షన్ విసిరాను. ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు హాయిగా నడిచింది. గంటన్నర పోయాక గానీ లోకల్ రిపోజిటరీలో (లైబ్రరీలను మెషీన్‌లో దాచుకునే ఫోల్డర్) ఆ లైబ్రరీ జార్ (కంపైల్ చేసి కట్టిన ప్యాకేజీ) తేదీ చూడాలని తట్టలేదు. చూస్తే మూడు రోజుల పాతది.

తప్పు నాదే. మావెన్ అనే బిల్డ్ టూల్ వాడే మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టులో "-పీఎల్" ఇచ్చి అప్లికేషన్ మాడ్యూల్ ఒక్కదాన్నే బిల్డ్ చేస్తున్నాను. దాని పక్కన "-ఏఎం" కూడా పెట్టి ఉంటే, అది ఆధారపడే మాడ్యూళ్లను కూడా మావెన్ అదే బిల్డ్‌లోకి లాక్కునేది. పెట్టలేదు కాబట్టి మావెన్ 3 లైబ్రరీ సోర్స్ వైపు కన్నెత్తి చూడలేదు. ఎప్పుడో నేనే ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయిన జార్‌ను తెచ్చుకుంది.

బిల్డ్ టూళ్లను పోల్చేటప్పుడు అందరూ వేగం గురించో, స్క్రిప్టు రాసే భాష గురించో మాట్లాడతారు. ఇంకా విడుదల కాని వెర్షన్లతో, అంటే స్నాప్‌షాట్లతో, రోజూ కుస్తీ పట్టేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరు: నేను నా మెషీన్‌లో కట్టిన జార్, ఉమ్మడి రిపోజిటరీ సర్వర్ నుంచి దిగిన జార్ ఒకే పెట్టెలో పడుతున్నాయా, వేర్వేరు పెట్టెల్లోనా? సగం చిక్కులకు మూలం అక్కడే ఉంది. టూల్ మార్చే స్వేచ్ఛ చాలామందికి ఉండదు, నిజమే. కానీ ఏ టూల్‌లోనైనా రెండు మూడు దారులుంటాయి, వాటిలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం ఉంటుంది.

మావెన్: రెండూ ఒకే పెట్టెలో

మావెన్ లోకల్ రిపోజిటరీ యూజర్ హోమ్‌లో డాట్ ఎం2 కింద ఉంటుంది. అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. సర్వర్ నుంచి దిగినవాటికి అది క్యాష్. "ఎంవీఎన్ ఇన్‌స్టాల్" అన్నప్పుడు మీరు కట్టినది వెళ్లి పడేదీ అక్కడే. విడుదలైన వెర్షన్ల విషయంలో దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే 2.4 అంటే ఎప్పటికీ ఒకటే ఫైల్. వెర్షన్ చివర "-స్నాప్‌షాట్" ఉందంటే మాత్రం ఆ పేరు వెనక ఉన్న ఫైల్ ఎప్పుడైనా మారిపోవచ్చని అర్థం.

బిల్లింగ్-కోర్ అనే లైబ్రరీ ఉందనుకుందాం. దాని 2.4-స్నాప్‌షాట్ ఫోల్డర్ తెరిస్తే సాధారణంగా కనిపించేవి ఇవి. ఒకటి, బిల్లింగ్-కోర్-2.4-స్నాప్‌షాట్.జార్. దాని పక్కనే బిల్లింగ్-కోర్-2.4-20250311.094512-17.జార్ లాంటి పొడుగు పేరుతో ఇంకొన్ని. ఆ అంకెల్లో మొదటిది తేదీ, రెండోది సమయం, చివరి 17 బిల్డ్ నంబర్. సర్వర్‌కు డిప్లాయ్ చేసినప్పుడు, అంటే పంపినప్పుడు, మావెన్ 3 ప్రతిసారీ ఇలా కొత్త పేరే పెడుతుంది. మావెన్ 2లో ఒకే పేరు మీద పదే పదే రాసే వీలుండేది, దాన్ని తీసేశారు. ఆ సమయం యూటీసీలో ఉంటుంది కాబట్టి మీ గడియారంతో పోల్చి కంగారుపడొద్దు. పొడుగు పేరున్న ఫైల్ దిగగానే మావెన్ దాన్ని పొట్టి పేరుతో కూడా కాపీ చేసి పెడుతుంది. మీరు ఇన్‌స్టాల్ చేసిన జార్ పేరు కూడా ఆ పొట్టి పేరే. అంటే ఇద్దరికీ ఒకే కుర్చీ.

మరి ఎవరు కూర్చుంటారు? అదే ఫోల్డర్‌లో రెండు రకాల మెటాడేటా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుంటాయి. పేరు చివర "లోకల్" అని ఉన్నది మీ ఇన్‌స్టాల్ రాసింది, రిపో ఐడీ ఉన్నది సర్వర్ నుంచి వచ్చింది. రెండింటిలోనూ చివరిసారి ఎప్పుడు మారిందో రాసి ఉంటుంది. మావెన్ రెండూ పోల్చి ఏది కొత్తదైతే దాన్ని తీసుకుంటుంది. వినడానికి న్యాయంగానే ఉంది. ఆచరణలో రెండు విధాలుగా కాటేస్తుంది.

మొదటి కాటు. పదకొండు గంటలకు మీ మార్పుతో ఇన్‌స్టాల్ చేశారు. పదకొండున్నరకు మెయిన్ బ్రాంచ్ నుంచి సీఐ (కోడ్ మారగానే తనే బిల్డ్ చేసే వ్యవస్థ) అదే స్నాప్‌షాట్‌ను డిప్లాయ్ చేసింది. మీరు ఇంకేదో కారణానికి, సర్వర్‌లో కొత్తది ఉందేమో చూడమనే "-యూ" పెట్టి బిల్డ్ చేశారు. అంతే, సర్వర్ జార్ వచ్చి మీ జార్ చోట్లో కూర్చుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పది నిమిషాల క్రితం పనిచేసిన ఫిక్స్ ఇప్పుడు పనిచేయదు, అంతే.

రెండో కాటు దీనికి తిరగేసింది, నా అనుభవంలో ఇదే ఎక్కువ. ఏదో ప్రయోగం కోసం ఈ ఉదయం ఇన్‌స్టాల్ చేసి వదిలేశారు. సహోద్యోగి నిన్న సాయంత్రమే సరైన ఫిక్స్ డిప్లాయ్ చేశాడు. "-యూ పెట్టి లాగు, వచ్చేస్తుంది" అంటాడు. ఎన్నిసార్లు పెట్టినా రాదు, ఎందుకంటే తేదీ ప్రకారం మీదే కొత్తది. ఇలాంటప్పుడు ఫ్లాగులతో ఆడుకోవడం మాని, ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్ డిలీట్ చేసి బిల్డ్ చేయండి. డాట్ ఎం2 మొత్తం ఊడ్చేయాలని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎలకను పట్టడానికి ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు.

ఎవరి జార్ కూర్చుని ఉందో చూడాలంటే ఆ ఫోల్డర్‌లోనే "రిమోట్ రిపోజిటరీస్" అనే పేరుతో, ముందు అండర్‌స్కోర్ ఉన్న చిన్న ఫైల్ ఒకటుంటుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఒక్కో లైన్‌లో ఫైల్ పేరు, తర్వాత ">" గుర్తు, తర్వాత రిపో ఐడీ, చివర "=" ఉంటాయి. ">" కీ "=" కీ మధ్య ఏమీ లేకపోతే ఆ ఫైల్ మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయినదని అర్థం. మావెన్ 3 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. జార్ కళ్లెదుట ఉన్నా "దొరకలేదు" అని మావెన్ మొండికేసే వింతకు కూడా కారణం చాలాసార్లు ఇదే. ఆ ఫైల్ ఫలానా రిపో నుంచి వచ్చిందని అక్కడ రాసి ఉంది, ఇప్పటి ప్రాజెక్టులో ఆ రిపో లేదు, కాబట్టి మావెన్ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

సర్వర్‌ను ఎంత తరచుగా అడగాలన్నది అప్‌డేట్ పాలసీ చెబుతుంది. ఏమీ రాయకపోతే "డైలీ". ఇది క్యాలెండర్ రోజు. ఉదయం మొదటి బిల్డ్‌లో ఒకసారి అడిగేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. మధ్యాహ్నం డిప్లాయ్ అయినది మళ్లీ అర్ధరాత్రి దాటాకే కనిపిస్తుంది. "ఆల్వేస్", "నెవర్", లేదా ఇన్ని నిమిషాలకోసారి అని "ఇంటర్వల్" కూడా పెట్టొచ్చు. పక్క టీమ్ స్నాప్‌షాట్ మీద గంట గంటకూ ఆధారపడే పనైతే ఆల్వేస్ కన్నా ఇంటర్వల్ 30 లాంటిది మేలు. ఆల్వేస్ పెడితే ప్రతి బిల్డ్‌లో ప్రతి స్నాప్‌షాట్‌కూ సర్వర్ తలుపు కొట్టాల్సి వస్తుంది. ఇంకో సంగతి, దొరకలేదన్న జవాబును కూడా మావెన్ గుర్తుపెట్టుకుంటుంది. వాళ్లు డిప్లాయ్ చేయకముందే మీరు బిల్డ్ చేసి ఫెయిల్ అయ్యారనుకోండి, వాళ్లు డిప్లాయ్ చేశాక కూడా అదే ఫెయిల్యూర్ చూపిస్తుంది. అక్కడ మాత్రం "-యూ" కచ్చితంగా పనికొస్తుంది.

గ్రేడిల్: క్యాష్ క్యాషే, మీ బిల్డ్ మీదే

గ్రేడిల్ దిగుమతి చేసుకున్నవాటిని హోమ్‌లో డాట్ గ్రేడిల్ కింద, క్యాషెస్‌లో మాడ్యూల్స్-2 అనే ఫోల్డర్‌లో పెడుతుంది. ప్రతి ఫైల్‌కూ దాని ఎస్‌హెచ్‌ఏ-1 చెక్‌సమ్ పేరుతో విడిగా ఒక ఫోల్డర్ ఉంటుంది. కంటెంట్ మారితే చెక్‌సమ్ మారుతుంది, ఫోల్డర్ మారుతుంది. పాతదాని మీద కొత్తది పడి కూర్చునే సమస్యే ఉండదు. ముఖ్యమైన తేడా ఏమిటంటే మీ ప్రాజెక్టు బిల్డ్ ఫలితం ఈ క్యాష్‌లోకి ఎప్పుడూ వెళ్లదు. మావెన్‌లో ఇన్‌స్టాల్ అన్నట్టు ఇక్కడ అనే వీలే లేదు. ఈ ఒక్క కారణంతోనే స్నాప్‌షాట్ల విషయంలో గ్రేడిల్ డిజైన్‌కే నా ఓటు.

అలాగని టెన్షన్ లేదని కాదు. మారే వెర్షన్లను గ్రేడిల్ "చేంజింగ్ మాడ్యూల్" అంటుంది, వాటిని డిఫాల్టుగా 24 గంటలు మళ్లీ అడగదు. మావెన్ డైలీకి దీనికి తేడా ఉంది. అక్కడ అర్ధరాత్రి దాటితే చాలు, ఇక్కడ చివరిసారి అడిగినప్పటి నుంచి 24 గంటలు గడవాలి. నిన్న సాయంత్రం ఆరింటికి చూసి ఉంటే, ఈ ఉదయం ఆఫీసుకొచ్చి బిల్డ్ చేసినా నిన్నటిదే వస్తుంది. రెండు టూళ్లూ వాడే టీముల్లో "నాకు కొత్తది వచ్చింది, నీకెందుకు రాలేదు" అనే గొడవలు కొన్ని ఇక్కడే పుడతాయి. రిజల్యూషన్ స్ట్రాటజీలో చేంజింగ్ మాడ్యూళ్లకు క్యాష్ గడువు తగ్గించుకోవచ్చు, సున్నా కూడా పెట్టొచ్చు. అప్పటికప్పుడు కావాలంటే "--రిఫ్రెష్-డిపెండెన్సీస్" ఉంది. దాన్ని చూసి భయపడక్కర్లేదు, అన్నీ మళ్లీ దింపదు. సర్వర్‌ను అడిగి, చెక్‌సమ్ అదే ఉంటే ఉన్న ఫైల్‌నే వాడుకుంటుంది. కానీ అన్ని డిపెండెన్సీల (ప్రాజెక్టు ఆధారపడే లైబ్రరీల) గురించీ అడుగుతుంది కాబట్టి పెద్ద ప్రాజెక్టులో నసగా ఉంటుంది. దాన్ని రోజూ కొట్టే కమాండ్‌లో కలిపేస్తే గడువు సున్నా పెట్టుకున్నదాని కన్నా అన్యాయం.

డిస్క్ గురించి ఒక్క మాట. గ్రేడిల్ 30 రోజులు వాడని డౌన్‌లోడ్లను తనే తీసేస్తుంది. మావెన్ ఏదీ తీయదు. ఆ పొడుగు పేర్ల జార్‌లు ఏళ్ల తరబడి పేరుకుపోతూనే ఉంటాయి.

మావెన్ లోకల్ అనే అడ్డదారి

మరి గ్రేడిల్‌లో పక్క ప్రాజెక్టులో కట్టిన లైబ్రరీని వాడుకోవాలంటే? చాలామంది చేసేది, లైబ్రరీలో "పబ్లిష్ టు మావెన్ లోకల్" కొట్టి, అప్లికేషన్ రిపోజిటరీల జాబితాలో "మావెన్ లోకల్" చేర్చడం. పని జరుగుతుంది. అయితే ఇంతసేపూ తప్పించుకున్న ఆ ఒకే పెట్టె కథలోకి మళ్లీ మనమే తలుపు తీసుకుని వెళ్లినట్టు. గ్రేడిల్ డాక్యుమెంటేషన్ కూడా దీన్ని వీలైనంత వరకు వాడొద్దనే చెబుతుంది. కారణాలు గట్టివే. డాట్ ఎం2 అనేది అసలు రిపోజిటరీ కాదు, మావెన్ క్యాష్. అందులో ఒక మాడ్యూల్‌కు పామ్ ఫైల్ (దాని వివరాలు రాసి ఉండేది) ఉండి జార్ లేకపోవచ్చు. అక్కడి ఫైళ్లను గ్రేడిల్ తన క్యాష్‌లో పెట్టుకోదు కాబట్టి ప్రతి బిల్డ్‌లో మళ్లీ చూసుకోవాలి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది వరుస. గ్రేడిల్ రిపోజిటరీలను మీరు రాసిన క్రమంలో వెతుకుతుంది. మావెన్ లోకల్‌ను జాబితాలో మొదట రాసి కమిట్ చేస్తే, టీమ్‌లో ప్రతి ఒక్కరి బిల్డ్ వాళ్ల వాళ్ల డాట్ ఎం2లో ఏముందో దాని మీద ఆధారపడుతుంది. ఒకే కమిట్, పది మెషీన్లు, పది ఫలితాలు. తప్పనిసరై వాడాల్సి వస్తే దానికి కంటెంట్ ఫిల్టర్ పెట్టండి. గ్రేడిల్ 5.1 నుంచి ఉంది. "ఈ గ్రూప్‌కు చెందినవి మాత్రమే ఇక్కడ వెతుకు" అని ఒక్క లైన్ రాస్తే మిగతా డిపెండెన్సీలకు అంటుకోదు. ఆ లైన్ కూడా కమిట్ కాకుండా చూసుకోండి.

కాంపోజిట్ బిల్డ్: రిపోజిటరీతో పనే లేకుండా

రెండు సోర్సులూ మీ మెషీన్‌లోనే ఉన్నప్పుడు జార్ కట్టి, ఒక చోట పడేసి, మళ్లీ అక్కడి నుంచి ఎత్తుకోవడం ఎందుకు? గ్రేడిల్ 3.1లో వచ్చిన కాంపోజిట్ బిల్డ్ ఈ పని తేలిగ్గా చేస్తుంది. సెట్టింగ్స్ ఫైల్‌లో "ఇంక్లూడ్ బిల్డ్" అని పక్క ఫోల్డర్ దారి ఇస్తే చాలు. ఫైల్ మార్చడం ఇష్టం లేకపోతే కమాండ్ లైన్‌లో "--ఇంక్లూడ్-బిల్డ్" ఇవ్వొచ్చు. నేను రెండోదే వాడతాను, పొరపాటున కమిట్ అయ్యే భయం ఉండదు. అప్లికేషన్ బిల్డ్ అయ్యేటప్పుడు లైబ్రరీ సోర్స్ మారి ఉంటే దాన్ని కూడా కట్టుకుంటుంది. నా లాగ్ లైన్ కథ ఇక్కడ జరగదు.

ఒక మెలిక ఉంది. డిపెండెన్సీలో రాసిన గ్రూప్, పేరు, ఆ లైబ్రరీ బిల్డ్‌లో ఉన్న ప్రాజెక్ట్ గ్రూప్, ప్రాజెక్ట్ పేరు సరిగ్గా కలిస్తేనే గ్రేడిల్ సర్వర్ జార్ బదులు సోర్స్‌ను పెడుతుంది. వెర్షన్ కలవాల్సిన పని లేదు. ఫోల్డర్ పేరు "కోర్", పబ్లిష్ అయ్యే పేరు "బిల్లింగ్-కోర్" అయితే మార్పిడి జరగదు, ఫిర్యాదు కూడా చేయదు, గుట్టుగా సర్వర్ జార్ తెచ్చేస్తుంది. అలాంటప్పుడు డిపెండెన్సీ సబ్‌స్టిట్యూషన్ మీరే రాసివ్వాలి. మొదటిసారి పెట్టగానే డిపెండెన్సీల ట్రీ ఒకసారి ప్రింట్ చేసి చూడండి. బాణం గుర్తు పక్కన "ప్రాజెక్ట్" అని కనిపిస్తే కలిసినట్టు.

లైబ్రరీ మావెన్‌ది, అప్లికేషన్ గ్రేడిల్‌ది అయితే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఫిల్టర్‌తో కూడిన మావెన్ లోకలే గతి.

మావెన్‌లో దీనికి దగ్గరగా ఉన్నది రియాక్టర్. అంటే ఒకే మల్టీ మాడ్యూల్ బిల్డ్‌లో ఉన్న మాడ్యూళ్లు ఒకదాన్నొకటి నేరుగా చూసుకోవడం. వేర్వేరు గిట్ రిపోల్లో ఉన్నా, రెండింటికీ పైన మాడ్యూళ్ల జాబితా మాత్రమే ఉన్న పామ్ ఒకటి మీ మెషీన్‌లో పెట్టుకుని అక్కడి నుంచి "-పీఎల్", "-ఏఎం" తో నడిపితే డాట్ ఎం2 పాత జార్ జోలికి పోదు. కాస్త నాటుగా ఉంటుంది కానీ పని చేస్తుంది.

ఎస్‌బీటీ సంగతి

స్కాలా భాష వైపు ఉన్నవాళ్లు వాడే బిల్డ్ టూల్ ఎస్‌బీటీలో "పబ్లిష్ లోకల్" డాట్ ఐవీ2 కింద లోకల్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. సర్వర్ నుంచి దిగినవి, ఎస్‌బీటీ 1.3 నుంచి, లైబ్రరీలను దింపే కోర్సియే అనే టూల్ క్యాష్‌లోకి వెళతాయి. అక్కడ ఫోల్డర్లు సర్వర్ యూఆర్‌ఎల్ ఎలా ఉందో అలాగే ఉంటాయి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూపుతోనే తెలిసిపోతుంది. అంటే పెట్టెలు విడివిడిగానే ఉన్నాయి, మంచిదే. మారే వెర్షన్లకు గడువు ఇక్కడా 24 గంటలే. కానీ మీ లోకల్ ఫోల్డర్‌లో ఉన్నది మీరు తీసేదాకా ఉంటుంది, మర్చిపోతే మావెన్ రెండో కాటు ఇక్కడా తప్పదు. రెండు సోర్సులూ దగ్గరుంటే ప్రాజెక్ట్ రెఫ్‌తో (పక్క ప్రాజెక్టు సోర్స్‌నే సూచించడం) నేరుగా కలుపుకోవడమే మేలు.

ఎవరికి ఏది

లైబ్రరీ, అప్లికేషన్ రెండూ మీరే మారుస్తుంటే రిపోజిటరీ జోలికి వెళ్లకండి. గ్రేడిల్ అయితే కాంపోజిట్, మావెన్ అయితే రియాక్టర్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

లైబ్రరీ పక్క టీమ్‌ది, మీరు వాడుకునేవాళ్లు మాత్రమే అయితే సర్వర్ స్నాప్‌షాటే సరైనది. చేయాల్సిందల్లా గడువు ఎంత ఉండాలో తేల్చుకుని, దాన్ని బిల్డ్ ఫైల్‌లోనే రాయడం. ఒక్కొక్కరూ తమకు తోచిన ఫ్లాగ్ కొట్టుకుంటూ పోతే ఎవరి దగ్గర ఏ జార్ ఉందో చెప్పలేం. మీ మెషీన్‌లో ఆ లైబ్రరీని ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయకపోవడం కూడా ఇందులో భాగమే. ఒక్కసారి ప్రయోగం చేసి చూడాలనిపిస్తే వెర్షన్ పేరు మార్చి చేయండి. 2.4-నాప్రయోగం-స్నాప్‌షాట్ అని పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే అసలు 2.4-స్నాప్‌షాట్‌తో కుర్చీ తగాదా ఉండదు. అప్లికేషన్‌లో ఒక్క చోట వెర్షన్ మార్చాల్సి వస్తుంది, అంతే ఖర్చు. ఇంత చిన్న అలవాటుకు ఇంత లాభం ఇంకెక్కడా చూడలేదు.

సీఐ మెషీన్ల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. మావెన్ జాబ్‌లో "ఇన్‌స్టాల్" రాసి ఉంటే "వెరిఫై" చేయండి. టెస్టులన్నీ అక్కడికే అయిపోతాయి, జార్ లోకల్ రిపోలోకి వెళ్లదు. ఒకే ఏజెంట్ (సీఐ బిల్డ్ నడిచే మెషీన్) మీద రెండు బ్రాంచ్‌లు బిల్డ్ అవుతుంటే, రెండింట్లోనూ వెర్షన్ 2.4-స్నాప్‌షాటే అయితే, ఒక బ్రాంచ్ ఇన్‌స్టాల్ చేసినది ఇంకో బ్రాంచ్ టెస్టుల్లోకి దూరుతుంది. టెస్టులు పచ్చగా కనిపిస్తాయి, పరీక్షించింది మాత్రం వేరే కోడ్‌ని. ఇన్‌స్టాల్ తప్పనిసరి అయితే "మావెన్.రిపో.లోకల్" ప్రాపర్టీతో జాబ్‌కో ఫోల్డర్ ఇవ్వండి. ప్రతిసారీ అన్నీ మళ్లీ దిగుతాయని బాధపడేవాళ్లకు మావెన్ 3.9 సిరీస్‌లో "టెయిల్" అనే ఏర్పాటు వచ్చింది. కొత్తవి జాబ్ ఫోల్డర్‌లో రాసుకుంటూ, ఉన్నవాటిని ఉమ్మడి ఫోల్డర్ నుంచి చదువుకుంటుంది. గ్రేడిల్ క్యాష్‌ను ఒకే మెషీన్ మీద పలు బిల్డ్‌లు ఒకేసారి వాడుకున్నా లాకులు అదే చూసుకుంటుంది. అక్కడ కనిపెట్టాల్సింది సీఐ స్క్రిప్టుల్లో ఎవరైనా పబ్లిష్ టు మావెన్ లోకల్ రాశారా అన్నది.

టెస్టర్లకు బిల్డ్ ఇచ్చే రోజుల్లో స్నాప్‌షాట్ అన్న పేరుకే దూరంగా ఉండాలి. ఉదయం ఇచ్చిన బిల్డ్‌లో ఏ జార్ ఉందో సాయంత్రం చెప్పలేకపోతే బగ్ రిపోర్టుకు విలువ లేదు. అప్పుడు ఆ పొడుగు పేరు పనికొస్తుంది. వెర్షన్‌గా నేరుగా 2.4-20250311.094512-17 అని రాసేయండి, మావెన్, గ్రేడిల్ రెండూ ఒప్పుకుంటాయి. మావెన్‌లో వెర్షన్స్ ప్లగిన్ "లాక్-స్నాప్‌షాట్స్" ఈ పని మీ తరఫున చేస్తుంది. అయితే సర్వర్లలో పాత స్నాప్‌షాట్లను తుడిచే జాబ్ నడుస్తూ ఉండొచ్చు. రిపోజిటరీ చూసుకునేవాళ్లను ఎన్ని రోజులు ఉంచుతున్నారో అడిగి, టెస్టింగ్ అంతకన్నా ఎక్కువ రోజులు సాగేలా ఉంటే, విడుదల వెర్షన్ లాంటి మారని పేరుతోనే ఒకటి పబ్లిష్ చేయించుకోండి.